కంచకూ కంచెకూ నడుమ

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం ఉదయం మా కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు నలుగురు ఇంటికి వచ్చి, కాలనీ చివర మిగిలిపోయిన రెండెకరాల జాగాలో మొక్కలు నాటే కార్యక్రమం పెట్టుకున్నామని, అటవీశాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రేంజ్ ఆఫీసరుగా రిటైరైనవాణ్ణి కాబట్టి మొదటి మొక్క నా చేతుల మీదుగానే నాటించాలనుకుంటున్నామని చెప్పారు. వనస్థలిపురం, హయత్‌నగర్ ప్రాంతాల్లో గజం జాగా ఏ ధర పలుకుతోందో తెలిసినవారికి, ఆ రెండెకరాలను చెట్ల కోసం ఉంచాలనుకోవడం ఎంత మంచి మనసుతో చేసిన పనో అర్థమవుతుంది. అయినా నేను వెంటనే సరేననలేకపోయాను. అక్కడే ఎందుకు నాటాలనుకుంటున్నారని అడిగాను. "ఖాళీగానే పడి ఉంది కద సార్, గడ్డి తప్ప ఏమీ లేదు" అన్నాడు సంఘం కార్యదర్శి. నా కొడుకు ఈడువాడు, ఎండాకాలంలో వీధి చెట్లకు సొంత ఖర్చుతో ట్యాంకరు తెప్పించి నీళ్లు పోయించే మనిషి. అతని మాటను తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఎందుకంటే నలభై ఏళ్ల కిందట సరిగ్గా అదే మాటను నేను ప్రభుత్వ కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆ సంగతి మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. డెబ్బై రెండేళ్ల వయసులో దాన్ని ఇంకా దాచుకోవాలని అనిపించడం లేదు.

నేను 1979లో ఉద్యోగంలో చేరి, కోయంబత్తూరులో రేంజర్ల శిక్షణ పూర్తిచేసుకుని వచ్చాక, పాలమూరు జిల్లాలో పోస్టింగు ఇచ్చారు. సామాజిక అడవుల పెంపకం ఊపుమీద ఉన్న రోజులవి. ఆ పథకానికి అవసరం నిజంగానే ఉండేది. ఆడవాళ్లు ఒక్క కట్టెల మోపు కోసం తెల్లవారకముందే లేచి ఐదారు మైళ్లు నడిచిపోవడం నేను కళ్లారా చూశాను. 1984లో నాకు అప్పగించిన జాగాల్లో రెండు గుట్టల నడుమ పరుచుకున్న ఒక బీడు ఉండేది. వానలు పడగానే మోకాలెత్తు గడ్డి లేచేది, కార్తీకం దాటేసరికి అది పండి బంగారు రంగుకు తిరిగేది, దాని మీద పొద్దున్నే ముప్పై నలభై కృష్ణజింకలు మేస్తూ కనిపించేవి. మగజింకల నల్లని వీపులు, తెల్లని కడుపులు, మెలికలు తిరిగిన కొమ్ములు ఆ పచ్చిక మీద అర మైలు దూరం నుంచే గుర్తుపట్టగలిగేవాణ్ణి. వాటిని ఎంతో ఇష్టంగా చూసి, ఆ ఇష్టంతోనే దస్త్రంలో "ఉపయోగంలో లేని భూమి, గడ్డి మాత్రమే కలదు, మొక్కల పెంపకానికి అనుకూలం" అని రాశాను. అడవి పెరిగితే జింకలకూ మేలే కదా అని నమ్మాను. గుంతలు తీయించి నీలగిరి మొక్కలు, సుబాబుల్ మొక్కలు నాటించాను.

మొక్కలు చక్కగా బతికాయి. పై అధికారి వచ్చి చూసి మెచ్చుకున్నారు. మూడో ఏటికి చెట్లు రెండు నిలువులు పెరిగాయి, వాటి నీడన గడ్డి పలచబడింది, జింకలు కనిపించడం తగ్గిపోయింది. అవి చచ్చిపోలేదు, పక్క ఊళ్ల జొన్నచేలల్లోకీ వేరుశనగ చేలల్లోకీ దిగాయి. రైతులు మా ఆఫీసు ముందుకు వచ్చి, మీ జింకలు మా పంట తింటున్నాయని మొరపెట్టుకున్నప్పుడు, పంటకు కాపలా పెట్టుకోండని వాళ్లకు బదులు చెప్పి పంపాను. నేను నాటించిన చెట్లకూ వాళ్ల పంట నష్టానికీ ఉన్న సంబంధం అప్పుడు నాకు తట్టలేదు. అది తట్టడానికి ఇంకా పన్నెండేళ్లు పట్టింది.

1996లో హైదరాబాదుకు బదిలీ అయి, వనస్థలిపురం పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనంలో పనిచేసే అవకాశం వచ్చింది. విజయవాడ రహదారి మీద రోజూ పోయేవారిలో కూడా చాలామందికి ఆ గోడ వెనుక 14.59 చదరపు కిలోమీటర్ల నేల ఉందని, అంటే 3600 ఎకరాల పైచిలుకు ఉందని తెలియదు. ఒకప్పుడు అది నిజాముల వేటభూమి. 1975లో, మహావీరుని నిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన సందర్భంగా ఆయన పేరు పెట్టి జింకల వనంగా చేశారు. వేటకోసం దాచిపెట్టిన నేలకు, అహింసను పరమధర్మంగా చెప్పిన మహనీయుని పేరు రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా మనసు నిండే విషయం. 1994లో దానికి జాతీయ ఉద్యానవనం హోదా వచ్చింది. అంటే నేను వెళ్లేనాటికి ఆ హోదాకు రెండేళ్ల వయసు.

అక్కడ నాకు నిజమైన గురువు ఒక వాచర్. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఉద్యోగంలోకి రాకముందు గొర్లు కాసుకుని బతికిన కుటుంబం వాళ్లది. వారసత్వంగా వచ్చిన మందను అమ్మేసి, రోజుకూలీ మీద వాచరుగా చేరాడు. ఉదయం బీటు తిరిగేటప్పుడు నేను ముందు, ఆయన వెనుక నడవడం మొదట్లో ఆనవాయితీగా ఉండేది. కొన్నాళ్లకు ఆయన ముందు, నేను వెనుక అయ్యాం. పాదం మోపిన చోటల్లా ఆయనకు గడ్డి పేర్లు వచ్చేవి. ఇది గరిక, ఇది తుంగ, ఇది బోద, ఇది చీపురుగడ్డి, ఇది లేతగా ఉన్నప్పుడే జింక ముట్టేది, ఇది పండినంక ఇంటి కప్పుకు పనికొచ్చేది, ఇది ఎండాకాలంలో కూడా మొదలు దగ్గర పచ్చి విడవనిది అని చెబుతూ పోయేవాడు. వృక్షశాస్త్రంలో డిగ్రీ ఉన్న నాకు వాటిలో సగం గుర్తుపట్టడం తెలియదు. శిక్షణలో మాకు చెట్ల గురించి చెప్పిన దానిలో పదో వంతు కూడా గడ్డి గురించి చెప్పలేదు. చెట్టు చుట్టుకొలత తీసి కలప ఎన్ని ఘనపు మీటర్లో లెక్కగట్టడం వచ్చుగాని, ఒక ఎకరం గడ్డి ఎన్ని జింకలను పోషిస్తుందో చెప్పడం మాలో ఎవరికీ రాదు.

ఒకనాడు ఉద్యానవనం నడిమధ్యలో చెట్లు లేని విశాలమైన మైదానం చూపించి, వచ్చే వానాకాలం ఇక్కడ వేప, కానుగ నాటిద్దామా అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "సారూ, ఇది కంచ. కంచల గడ్డి ఉండాలె. గీడ చెట్లు వెడితె జింకకు దిక్కులు కనవడవు. దిక్కులు కనవడకుంటె అది నిలవదు" అన్నాడు. ఆ మాట విన్న క్షణంలో నాకు పాలమూరు గుట్టల నడుమ బీడు కళ్లముందు నిలిచింది. నీలగిరి నీడలు, పలచబడిన గడ్డి, జొన్నచేలలోకి దిగిన మంద, నా చేతిరాత, నా సంతకం, అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. ఆ పూట బీటు పూర్తిచేయకుండానే వెనుదిరిగాను.

కృష్ణజింకకు ఆత్మరక్షణ దాని కళ్లలో, కాళ్లలో ఉంది. గంటకు 80 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల జంతువు అది. దూరం నుంచి శత్రువును పసిగట్టి, ఎదురుగా అడ్డేమీ లేని నేల మీద పరుగు తీసి తప్పించుకునేలా దాన్ని ప్రకృతి మలిచింది. చుక్కల దుప్పి అలా కాదు. దానికి పొదలు, నీడ, చెట్ల అంచులు కావాలి, రాలిన పూలూ కాయలూ కావాలి. అందుకే ఒకే కంచె లోపల ఈ రెండూ ఉన్నప్పుడు, చెట్లూ పొదలూ పెరిగినకొద్దీ దుప్పులకు సౌఖ్యం పెరుగుతుంది, కృష్ణజింకలకు చోటు తగ్గుతుంది. చూసేవారికి మాత్రం పచ్చదనం పెరిగిందనే అనిపిస్తుంది, జింకలు కూడా చాలానే కనిపిస్తాయి. తగ్గిపోయినవి ఏవో తెలుసుకోవాలంటే ఏళ్ల తరబడి అక్కడ నడిచినవాళ్లే చెప్పగలగాలి. కృష్ణసారం తనంతట తాను తిరిగే నేల యజ్ఞానికి తగిన పుణ్యభూమి అని పూర్వులు అన్నారు. ఇర్రి అని, లేడి అని మన పాత తెలుగులో మగ ఆడ జింకలకు వేరువేరు మాటలు ఉన్నాయి. ఇంత పరిచయం ఉన్న జంతువు నిలువనేల ఏదో మనం మరిచిపోవడమే నాకు ఆశ్చర్యం.

కంచ అన్న మాట గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. తెలంగాణలో పశువుల మేత కోసం, గడ్డి కోసం విడిచిపెట్టిన నేలను కంచ అంటారు. ఇమారత్ కంచ, కంచ గచ్చిబౌలి వంటి ఊరిపేర్లలో అది ఇంకా బతికే ఉంది. వాడుకలో ఈ మాట తెలిసినంతకాలం గడ్డినేలకు ఒక పేరు, ఒక పని, ఒక మర్యాద ఉన్నాయి. దాని స్థానంలో దస్త్రాల్లోకి బంజరు, పడావు, పోరంబోకు, ఖాళీ జాగా అన్న మాటలు వచ్చాయి. నేను రాసిన "గడ్డి మాత్రమే కలదు" అన్న వాక్యం కూడా ఆ వరసలోదే. గడ్డి వేళ్లు నేలలోపల ఎంత కర్బనాన్ని దాచుకుంటాయో, ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడే మన రాళ్లనేల మీద కొద్దిపాటి మట్టిని కొట్టుకుపోకుండా ఎలా పట్టి ఉంచుతాయో ఆనాడు నాకు తెలిసి ఉంటే ఆ వాక్యం రాసేవాణ్ణి కాదు.

కంచ తరువాత కంచె. ఉద్యానవనంలో నా పనిదినాల్లో సగం గోడలకూ, ముళ్లకంచెలకూ, వాటిలో పడిన కంతలకూ సరిపోయేది. చుట్టూ కాలనీలు పుట్టుకొస్తున్న కాలంలో గోడ లేకపోతే ఆ నేల మిగిలేదే కాదు, ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను. రాత్రికి రాత్రి గోడ పక్కన ఇటుకల కుప్పలు వెలిసేవి, తెల్లవారేసరికి హద్దురాయి కనిపించేది కాదు. అందుకే గోడ కొత్తగా లేచిన ప్రతి వంద మీటర్లకూ నేను పొంగిపోయేవాణ్ణి. ఆ గోడ లోపల ఉన్నవాటికి అదే చివరి హద్దు అవుతుందని మనసుకు పట్టడం మాత్రం ఒక ఏప్రిల్ నెల తెల్లవారుజామున జరిగింది.

వాచర్ వచ్చి నిద్రలేపాడు. వాన నీళ్లు పోవడానికి గోడ కింద విడిచిన తూము నుంచి నాలుగు వీధికుక్కలు దూరాయి. మేము చేరుకునేసరికి అవి ఒక ఆడజింకను గోడ వెంబడి తరుముతున్నాయి. కర్రలతో అదిలించి కుక్కలను తరిమేశాం. జింక గోడ వారగా నిలబడి ఉంది. ఒంటి మీద ఒక్క గాయం కూడా లేదు. మేము దూరంగా జరిగి, కదలకుండా కూర్చున్నాం. పది నిమిషాలకు దాని వెనుక కాళ్లు వణికాయి, కూలబడింది, పొద్దెక్కకముందే పోయింది. విపరీతమైన భయంతో, ఆగకుండా పరుగెత్తడంతో కండరాలు లోపల్లోపలే దెబ్బతిని, గాయం లేకుండానే జింకలు చనిపోతాయని నేను పుస్తకంలో చదివి ఉన్నాను, కళ్ల ముందు చూడడం అదే మొదలు. ఆరుబయలు అయితే ఆ నాలుగు కుక్కలు దాని దుమ్మును కూడా అందుకోలేకపోయేవి. దానికి అడ్డం పడినది గోడ. ఆ వారంలోనే తూములన్నిటికీ ఇనుప జాలీలు బిగించాం. జాలీ దగ్గర ప్లాస్టిక్ సంచులు, చెత్త చేరి నీళ్లు నిలవకుండా చూడడం ఆ తరువాత మరో పని అయింది.

మూసిన నేలలో మరో చిక్కు ఏమిటంటే, బయట నుంచి కొత్త మగజింక రాదు, లోపలి పిల్ల బయటికి పోదు. నాలుగు తరాలు గడిస్తే మందలో రక్తసంబంధాలు ముడిపడిపోతాయి. ఎండాకాలంలో నీళ్ల కోసం అవి వేరే చోటికి పోలేవు కాబట్టి మేమే నేలలో సాసర్ పిట్లు, అంటే పళ్లెంలాంటి లోతులేని నీటితొట్లు, కట్టించి, ట్యాంకర్లతో నింపేవాళ్లం. ఆ నీటి దగ్గర గంటల తరబడి మాటువేసి కూర్చుని మందను లెక్కపెట్టిన రోజులు నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే సుఖమైన రోజులు. మొదట ముసలి ఆడజింక వచ్చి నలుదిక్కులా చూసి, ముందరి కాలు ఒకసారి నేలకు తాటించి, నీటికి మూతి ఆనించేది. అది తాగడం మొదలుపెట్టాకే మిగిలినవి కదిలేవి.

పశువుల మేపు గురించి నా అభిప్రాయం సర్వీసులో ఉండగా ఒకలా ఉండేది, ఇప్పుడు మరోలా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలో పశువులను మేపడానికి వీలు లేదు. అనుమతి ఉన్న మనిషి వాహనంగా వాడుకునే పశువు తప్ప ఏ పెంపుడు జంతువూ లోపలికి రాకూడదు. అభయారణ్యానికీ జాతీయ ఉద్యానవనానికీ ఉన్న పెద్ద తేడాల్లో ఇది ఒకటి. ఈ నియమానికి బలమైన కారణాలే ఉన్నాయి. గొర్రెలూ మేకలూ జింకలతో పోటీపడి మేస్తాయి, పశువుల నుంచి గాలికుంటు వంటి రోగాలు అంటుకుంటాయి, కాపరి వెంట కుక్కా గొడ్డలీ వస్తాయి. నియమాన్ని నేను అక్షరాలా అమలుచేశాను. కానీ తరతరాలుగా మందలు తిరిగిన నేల మీద ఒక్కసారిగా మేపు ఆగిపోతే ఏమవుతుందో చూసినవాణ్ణి కూడా నేనే. గొర్రె కొరికిన చోట తలెత్తలేకపోయిన ముళ్లపొద, గొర్రె రాకపోతే మూడేళ్లలో మనిషెత్తు అవుతుంది. రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ ఉద్యానవనంలో 1982లో పశువులను ఆపేసినప్పుడు గ్రామస్థులకూ పోలీసులకూ ఘర్షణ జరిగి కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ తరువాత గేదెలు మేయని చిత్తడినేలల్లో నీటిగడ్డి పట్టపగ్గాలు లేకుండా పెరిగి, పక్షులకు కావలసిన నీటిజాగానే కమ్మేసిందని శాస్త్రజ్ఞుల పరిశీలనలో తేలింది. మందలను మళ్లీ లోపలికి విడవాలని నేను అనడం లేదు. మంద చేసిన పనిని ఇప్పుడు మనుషులు చేయాలని, దానికి ప్రతి ఏటా నిధులు ఉండాలని మాత్రం గట్టిగా అంటాను. వన్యప్రాణుల మేలుకోసం అయితే, పైవారి అనుమతితో ఆ పని చేయడానికి చట్టంలోనే దారి ఉంది.

ఆ పనిలో అన్నిటికంటే కష్టమైనది సర్కారు తుమ్మ. వంటచెరకు కోసం 19వ శతాబ్దంలో ఎక్కడో అమెరికా ఖండాల నుంచి మన దేశానికి తెచ్చిన మొక్క అది. తియ్యని కాయలను జింకలు ఇష్టంగా తింటాయి, గింజలు వాటి పేడలో చెక్కుచెదరకుండా బయటపడి మైదానం అంతటా మొలుస్తాయి. అంటే తమ ఇంటిని తామే మూసుకునే గింజలను అవి మోసుకు తిరుగుతాయి. పైన నరికితే పది కొమ్మలై లేస్తుంది, వేరుతో సహా పెకలిస్తేనే పోతుంది. గుజరాత్‌లో వేలావదర్ కృష్ణజింకల జాతీయ ఉద్యానవనం 1976లో ఏర్పడింది, విస్తీర్ణం సుమారు 34 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు భావనగర్ మహారాజా రక్షించుకున్న గడ్డిమైదానం అది. అక్కడా ఇదే తుమ్మతో పోరాటం. సెలవు పెట్టి నా ఖర్చుతో అక్కడికి వెళ్లాను. కంటికి ఆనినంత మేర ఒక్క చెట్టు లేని ఆ పచ్చిక మీద మందలు మేస్తుంటే చూసి, వాచరుకు చూపించడానికి ఫొటోలు తీసుకొచ్చాను. ఆయన ఒక్కొక్క ఫొటోనూ వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు. "గిది కంచ సారూ" అన్నాడు. ఆ ఫొటోల్లో ఒకటి ఆయన ఇంట్లో దేవుడి పటాల పక్కన ఉండేది.

నగరంలో ఉన్న మరో రెండు జాతీయ ఉద్యానవనాల్లో నేను పనిచేయలేదు, కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను. జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానంద రెడ్డి జాతీయ ఉద్యానవనాన్ని 1998లో ప్రకటించారు. చిరాన్ ప్యాలెస్ ఆ పరిధిలోనే ఉంది. ఒకటిన్నర చదరపు కిలోమీటర్లకు లోపే ఉన్న ఆ చిన్న నేలలో కొండరాళ్లు, మోదుగలు, సీతాఫలం పొదలు, నెమళ్లు, ఉడుములు, ముళ్లపందులు ఇంకా మిగిలి ఉన్నాయంటే, పొద్దున్నే నడకకు వచ్చేవారి శ్రద్ధకూ అందులో భాగం ఉంది. 2016లో చుట్టూ వంతెనల కోసం చెట్లు కొట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ముందు రోడ్డెక్కినవారిలో వాళ్లు ఉన్నారు. కానీ ఆ ఉద్యానవనం చుట్టూ పర్యావరణ రక్షిత పరిధిని 2020లో ఖరారు చేసినప్పుడు, అది ఒకచోట 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లుగా తేలింది. మూడు మీటర్లంటే మా ఇంటి వరండా వెడల్పు. గోడకు అవతల రాత్రంతా వెలిగే దీపాలు, మోగే హారన్లు ఆ మూడు మీటర్లు దాటి లోపలికి పోవని ఏ నెమలికి చెప్పగలం?

చిలుకూరు దగ్గరి మృగవని 1994లో జాతీయ ఉద్యానవనమైంది, 3.6 చదరపు కిలోమీటర్లు. అది ఉస్మాన్‌సాగర్ పరీవాహక ప్రాంతంలో ఉంది కాబట్టి, జలాశయాల చుట్టూ నిర్మాణాలను కట్టడిచేసిన 1996 నాటి 111 జీవో వల్ల దాని చుట్టూ పొలాలూ తోటలూ మిగిలాయి. 2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, కాటేదాన్ దగ్గర రోడ్డు మీద చిరుత కనిపించినప్పుడు నాకు తెలిసినవాళ్లంతా ఫోన్ చేసి అది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. అది ఎటు పోవాలని బయల్దేరిందో, ఆ దారి ఎక్కడ తెగిపోయిందో ఒక్కరూ అడగలేదని ఆ రాత్రి నా భార్యతో చెప్పుకున్నాను.

వాచర్ 2008లో కాలం చేశాడు. నేను 2011లో రిటైరయ్యాను. ఆ తరువాత నాకు అత్యంత బాధ కలిగించినవి 2025 ఏప్రిల్ నాటి రోజులు. కంచ గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాల నేలలో యంత్రాలతో చెట్లు కొట్టేస్తుంటే, విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, సుప్రీంకోర్టు తనంతట తాను కలగజేసుకుని పనులు ఆపించింది. మా మనవరాలు ఫోన్‌లో ఆ దృశ్యాలు చూపించి, "తాతయ్యా, ఊరిపేరులోనే కంచ ఉందిగా, అంటే ఫెన్సింగ్ ఉండాలి కదా?" అని అడిగింది. కంచకూ కంచెకూ తేడా ఏమిటో ఆ సాయంత్రం దానికి చెప్పాను. గడ్డి పేర్లు నాలుగు రాయించాను. ఆ తరువాతి ఆదివారం దాన్ని హరిణ వనస్థలికి తీసుకుపోయాను. దుప్పులు చాలా కనిపించాయి, అది సంబరపడింది. కృష్ణజింకల కోసం మాత్రం ఎండలో చాలాసేపు ఎదురుచూడవలసి వచ్చింది. చివరకు దూరంగా పండుగడ్డిలో తొమ్మిది తలలు కనిపించాయి, వాటిలో ఒకటి నల్లనిది.

ఈ సంగతులన్నీ ఆ ఆదివారం సంఘం వాళ్లకు చెప్పాను. ఇంత వివరంగా కాదు, టీ తాగినంతసేపు. చెట్లు వద్దనలేదు. అన్నీ గోడవారనే, రోడ్డు వైపునే నాటుదామని, నడుమ గడ్డిని ఒక ఏడాది అలాగే ఉంచి చూద్దామని అడిగాను. కార్యదర్శికి పూర్తిగా నమ్మకం కుదరలేదు. అప్పటికే జేసీబీకి బయానా ఇచ్చామని, నలభై గుంతలకు ముగ్గు కూడా వేశామని చెప్పి, ఒకసారి వచ్చి జాగా చూడండి సార్ అన్నాడు. మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. ముగ్గు గీతల మధ్య నడుస్తుండగా ఒక తీతువు పిట్ట మా తలల మీదుగా అరుస్తూ చక్కర్లు కొట్టడం మొదలుపెట్టింది. తీతువు అరిస్తే కీడని మా వెంట వచ్చినవాళ్లలో ఒకాయన వెనక్కి తగ్గాడు. అది గూడు కాపాడుకుంటోందని నాకు అర్థమై, అందరినీ ఎక్కడివాళ్లను అక్కడే ఆగమన్నాను. పదిహేడో గుంత కోసం వేసిన ముగ్గు వృత్తంలో, గులకరాళ్ల నడుమ, రాళ్ల రంగులోనే నాలుగు గుడ్లు ఉన్నాయి. మొదట చూసింది మా మనవరాలే.

కార్యదర్శి వంగి చాలాసేపు చూశాడు. తరువాత జేబులోంచి ఫోన్ తీసి, జేసీబీ అతనికి, ఇవాళ వద్దు, గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చే దాకా రావద్దని చెప్పాడు. పిల్లలు ఇద్దరు ముగ్గురు దూరంగా రాళ్లు పేర్చి, ఇటువైపు ఎవరూ నడవకుండా గుర్తు పెట్టారు. నాకోసం తెచ్చిన మొదటి మొక్క వేప. దాన్ని గోడవారన, ఉప్పర్లు తవ్విన పాత గుంతలో నాటి, రెండు బకెట్ల నీళ్లు పోసి ఇంటికి వచ్చాం.